పచ్చబడ్డ పూల్, కాక పోసిన తెల్లపొడి

నీళ్ల పరీక్ష డ్యూటీలో కొత్తగా చేరిన పిల్లలు ఒక్కోసారి మా ఇంటికి వస్తారు. చాయ్ తాగుతారు, పై అధికారుల మీద నాలుగు చాడీలు చెబుతారు, లేవబోయే ముందు అసలు సంగతి అడుగుతారు. "అమ్మా, పూల్‌ల ఏసేటందుకు బ్లీచింగ్ పౌడర్ మంచిదా, క్లోరిన్ గోళీలు మంచివా, లిక్విడ్ మంచిదా?" ఇల్లూ వాకిలీ చూడకుండా సంబంధం కుదర్చమన్నట్టు ఉంటుంది నాకు. నవ్వొస్తుంది, కొంచెం కోపం కూడా వస్తుంది.

అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. గోదావరిఖని చుట్టుపక్కల కంపెనీ కాలనీల్లో ఒకదానిలో స్విమ్మింగ్ పూల్ ఉంది. ఏ కాలనీయో చెప్పను. చెబితే దాన్ని పట్టించుకోని పెద్దమనుషులంతా నా మీదికి వస్తారు. నా రిటైర్మెంటుకు ముందు వేసవిలో ఆ పూల్ పచ్చబడింది. దాన్ని బాగుచేసిన సంగతి చెబితే మీ ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది. నాకూ ఒక పని తీరుతుంది. ఆ వేసవిలో నాతో ఉన్నవాళ్లకు మనసారా దండం పెట్టే తీరిక అప్పుడు లేకపోయింది, ఇప్పుడు పెట్టుకుంటాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. భూగర్భ గనిని మా దగ్గర బాయి అంటారు. మా ఆయన బాయిలో పనిచేసేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం బదులు నాకు ఫిల్టర్ బెడ్‌లో పని ఇచ్చారు. కాలనీలకు వెళ్లే తాగునీటిని వడగట్టే చోటు అది. మొదట ఊడ్చే పని. ఇంటర్ చదివానని తెలిశాక ల్యాబ్‌లో వేశారు. సీసాలో నీళ్లు పట్టడం, మందు చుక్కలు వేయడం, రంగు చూడటం. పసుపు తిరిగితే నీళ్లలో క్లోరిన్ ఉన్నట్టు. "జీతమిచ్చి రంగులు చూపిస్తున్నరా నీకు?" అని మా అత్త ఆశ్చర్యపోయేది. ఆ రంగులే నా పిల్లలను చదివించాయి.

ఆ వేసవిలో ఒక ఉదయం పూల్ దగ్గరికి రమ్మని కబురొచ్చింది. పూల్ చూసుకునే ఆయనను ఊరంతా కాక, అంటే బాబాయి, అంటుంది. నాకంటే కొద్దిగానే పెద్దవాడు కాబట్టి నేనొక్కదాన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఇక్కడ మాత్రం కాక అనే రాస్తాను. బాయిలో నడుము దెబ్బతింటే ఆయనకు పైన తేలిక పని కింద పూల్ డ్యూటీ ఇచ్చారు. గోదావరిలో ఈత నేర్చిన మనిషి. పూల్‌కు ఆయన దృష్టిలో ఇద్దరే శత్రువులు: షిఫ్టు దిగి బొగ్గు ఒంటితోనే దూకే కుర్రాళ్లు, తలనిండా నూనె పెట్టుకుని వచ్చే ఆడవాళ్లు. "ఇది తానాల తొట్టి కాదు, పూలు!" అని ఆయన వేసే కేక బస్టాపు దాకా వినిపించేది.

ఆ రోజు కాక కేకలు వేయడం లేదు. పూల్ వైపు చేయి చూపించాడు. నీళ్లు పాలకూర ఉడికించినట్టు ఉన్నాయి. మొదటి మెట్టు తప్ప రెండో మెట్టు కనిపించడం లేదు. గట్టు మీద ఒక అమ్మాయి చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇరవై నాలుగో, ఇరవై ఐదో ఉంటాయి.

"ఎవరన్నా ఈ పిల్ల?" అన్నాను.

"మా గ్యాంగ్‌ల పనిచేసినోని బిడ్డ, చెల్లె. వాడు పోయినంక నౌకరీ ఈ పిల్లకొచ్చింది. ఇప్పుడు ఆడపిల్లలను డంపర్ల మీద ఎక్కిస్తున్నరు గదా, దాంట్ల పేరొచ్చింది. గంతల్నే స్కూటీ జారి తొడబొక్క ఇరిగింది."

డంపరంటే నేలను పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు గనిలో మట్టి, బొగ్గు మోసే బండి. దాని చక్రం పక్కన నిలబడితే మనిషి తల చక్రం సగానికి కూడా రాదు. నేను ఆ పిల్ల సన్నటి చేతుల వైపు చూశాను. తను నా చూపును పట్టేసింది.

"అందరు గట్లనే చూస్తరు అత్తా," అంది. "వానలు పడంగనే ట్రైనింగు మొదలైతది. దానికి ముందు ఫిట్‌నెస్ చూస్తరు. కుంటుకుంట పోతే నా జాగల ఇంకోల్లను తీసుకుంటరు. నాకు మల్ల వర్క్‌షాపుల ఊడ్సుడే."

ఊడ్చే పని తక్కువదేమీ కాదు, నేనూ చేశాను. కానీ డంపర్ ఎక్కుతానని కలగన్న పిల్లకు చీపురు తిరిగి చేతిలో పెట్టడం ఎలా ఉంటుందో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు, బొక్క అతికింది గాని కాలికి బలం రాలేదట. నేల మీద నడిస్తే బరువు పడి నొప్పి. ఛాతీ లోతు నీళ్లలో రోజూ నడవమని, బరువు పడకుండా కాలు బలపడుతుందని దవాఖానలో ఫిజియోథెరపీ మేడం చెప్పిందట. కొన్నాళ్లు నడిచింది. ఇంతలో పూల్ పచ్చబడింది.

"గోదావరిల నడువరాదా?" అన్నాను.

కాక నా మీద లేచాడు. "ఎండకాలం గోదావరిల నీళ్లేడున్నయి? ఉన్నకాడ రాళ్లు, గుంతలు. పట్టుకోనీకె కడ్డీ ఉన్నదా ఆడ?"

నిజమే. పోనీ ఇక్కడే దిగుదామంటే అడుగంతా నాచు. తొడలో రాడ్డు ఉన్న పిల్ల ఒక్కసారి జారిందంటే ట్రైనింగు మాట దేవుడెరుగు, మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అందుకే తను రోజూ వస్తుంది, నీళ్ల వైపు చూస్తూ కూర్చుంటుంది, వెళ్లిపోతుంది.

నేను నీళ్లు పట్టి చుక్కలు వేశాను. సీసా నిండా చిక్కటి పసుపు. క్లోరిన్ దండిగా ఉంది. మరి నీళ్లు ఎందుకు పచ్చగా ఉన్నాయి? మళ్లీ పట్టాను, మళ్లీ పసుపే. నా సర్వీసులో అలాంటి వింత చూడలేదు.

"గోళీలు దినాం ఏస్తున్న చెల్లె," అన్నాడు కాక. గది తెరిచి చూపించాడు. గోళీల డబ్బా, దాన్ని ఆనుకుని మూతి విప్పిన బ్లీచింగ్ పౌడర్ బస్తా, రెండింటికీ కలిపి ఒకే మగ్గు. నా నోరు మంచిది కాదని ల్యాబ్‌లో అందరికీ తెలుసు, ఆ రోజు పూల్‌కూ తెలిసింది.

"ఏందన్నా ఇది! పానం మీద తీపి లేదా నీకు? గోళీల తడి మగ్గు బ్లీచింగ్‌ల పెడితే గది లేస్తది, ఎరుకేనా?"

"రెండు క్లోరినే గద చెల్లె?"

"ఇద్దరు ఒక్కింటి కోడళ్లే. ఒక్క పొయ్యి కాడ నిలబెట్టి చూడు!"

ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. పిల్లలూ, మీరు మాత్రం నవ్వి వదిలేయకండి. గోళీలు, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. వేర్వేరు గదులు, వేర్వేరు మగ్గులు, పొడి చేతులు ఉండాలి. ఈ కథలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఇది గుర్తుంటే చాలు.

పసుపు వచ్చినా పచ్చ ఎందుకు పోదో చెప్పింది మా చిన్న సారు. సివిల్ డిపార్టుమెంటుకు కొత్తగా వచ్చిన ఇంజనీరు. జ్యోతినగర్‌లో పెరిగాడు. అక్కడి టౌన్‌షిప్‌లో చిన్నప్పటి నుంచీ ఈత కొట్టినవాడు కాబట్టి పూల్ సంగతులు తెలుసు. ఏదో కిట్టు తెచ్చి నీళ్లలో మందు కలిపాడు. నీళ్లు పాలు విరిగినట్టయ్యాయి. తల పట్టుకున్నాడు.

"అమ్మా, క్లోరిన్ ఎండకు ఎగిరిపోతది కదా. పోకుండా గోళీలల్ల ఇంకో మందు కలుపుతరు. ఎండకు గొడుగు పట్టినట్టన్నమాట. క్లోరిన్ ఖర్చయిపోతది గాని గొడుగు పోదు. ఇన్నేండ్ల సంది గోళీలేస్తే పూల్ల గొడుగులే జమ అయినయ్. ఇప్పుడేసిన క్లోరిన్ గొడుగు కింద నుంచి బయటికొచ్చి పనిచేస్తలేదు."

"గొడుగులు తీసే మందు లేదా సార్?"

"మనకు అందేది లేదమ్మా. సగం నీళ్లు తీసెయ్యాలె, కొత్త నీళ్లు పట్టాలె."

ఫిల్టర్ బెడ్‌లో గోళీల వాడకం లేదు కాబట్టి ఈ గొడుగుల సంగతి నాకు కొత్త. తెలిసినవాడు వివరంగా చెబుతుంటే వినడం ఎంత సుఖమో! నేను అడ్డదిడ్డంగా నాలుగు ప్రశ్నలు వేసినా విసుక్కోకుండా చెప్పాడు. కొడుకు వయసువాడు, ఆ ఓపిక ఎవరు నేర్పారో గాని వాళ్ల కడుపు చల్లగుండాలి.

చెప్పినంత సులువా సగం పూల్ ఖాళీ చేయడం? నడివేసవి. కాలనీలో దినం తప్పించి దినం నల్లా వస్తోంది. పంపు పెట్టి పచ్చనీళ్లు కాలువలోకి వదిలామో లేదో, ఆడవాళ్లు బిందెలు పట్టుకుని గేటు ముందుకొచ్చారు. అందరూ నా ఇరుగుపొరుగే. "ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే!" అని ఒకామె దెప్పింది. "మాకు తాగ నీళ్లు లేవు, మీరు పూలు కడుగుతున్నరా?" ఇందులో తప్పు పట్టడానికేముంది? వాళ్ల బిందెల్లో నా బిందె లేదు గాని, మా ఇంట్లోనూ నల్లా రాలేదు.

పంపు ఆపేశాం. చిన్న సారు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఎవరూ ఔననలేదు, కాదనలేదు. అప్పుడే రోడ్డు మీద పోతున్న నీళ్ల ట్యాంకరు మా గుంపును చూసి ఆగింది. ఓపెన్ కాస్టులో డంపర్లు తిరిగే దారుల మీద దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టే బండి అది. నడిపే భాయ్ మా ఇంటి వెనక సందులో ఉండేవాడు, ఇంట్లో దక్కనీ, బయట మా తెలుగు. తల బయటపెట్టి సంగతంతా విన్నాడు.

"దుమ్ముకు ఏ నీళ్లయితే ఏంది అక్కా?" అన్నాడు. "పచ్చగున్నా దుమ్ము కూసుంటది. బాయిలకెళ్లి తోడిన నీళ్లు దినాం మేము నింపుకపోయి రోడ్డు మీద కొడుతున్నం. గీ పచ్చనీళ్లు మాకియ్యుండ్రి. మేము మిగిలించిన బాయి నీళ్లు మీరు ఫిల్టర్ బెడ్‌ల వడగట్టి పూల్ల పోసుకోండ్రి. నల్లా నీళ్లల్ల సుక్క ముట్టేది లేదు. హిసాబ్ బరాబర్!"

చిన్న సారు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంత మంది పెద్దలకు ఫోన్లు చేస్తే దొరకని దారి రోడ్డు మీద దానంతటది వచ్చి ఆగింది. గనిలో ఆ షిఫ్టు చూసే అధికారితో సారు మాట్లాడాడు. ఆయన సరేనన్నాడు. బిందెల గుంపులో పెద్దామె మాత్రం ఇంకా కదల్లేదు. "ఇంత తిప్పలెందుకు? ఎండకాలం పోయినంక కడుగరాదా?" అంది. కాక గట్టు మీదున్న పిల్లను చూపించి సంగతి చెప్పాడు. ఆ పెద్దామె కర్రను చూసింది, పిల్లను చూసింది.

"ఆడిపిల్ల డంపర్ నడుపుతదా?"

"నడుపుత అవ్వా," అంది ఆ పిల్ల.

"గీ మాట మొదలే జెప్పొద్దా!" అని పెద్దామె మా మీదే కోప్పడి, గుంపును వెనక్కి తోలుకుపోయింది. మళ్లీ ఒక్కరు కూడా గేటు దగ్గరికి రాలేదు. వాళ్లకు మొదటి దండం. భాయ్ బండితో పాటు తోటి డ్రైవర్లు కూడా షిఫ్టు దిగబోయే ముందు ఒక ట్రిప్పు ఎక్కువ వేసి పచ్చనీళ్లు లాక్కుపోయారు. వాళ్లకు రెండో దండం.

కొత్త నీళ్లు నిండాయి. ఇక ఏ క్లోరిన్ వేయాలి? షెడ్డు కింద చాయ్ తాగుతూ మాట్లాడుకున్నాం. గోళీలు మళ్లీ ముట్టేది లేదని ముందే ఒప్పుకున్నాం. ఫిల్టర్ బెడ్ నుంచి క్లోరిన్ గ్యాసు సిలిండరు తెద్దామని ఎవరో అన్నారు. గ్యాసు బలమైనదే, గొడుగుల గొడవ ఉండదు, కానీ నేను ససేమిరా అన్నాను. ఒకసారి మా దగ్గర సిలిండరు మూతి చిన్నగా కారితే ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని గాలికి ఎదురు పరుగెత్తిన దాన్ని. చుట్టూ క్వార్టర్లు, పిల్లలు ఉన్న చోట దాన్ని పెట్టడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమే. లిక్విడ్ క్లోరిన్ శుభ్రమైనది, కలపడం తేలిక. కానీ మా దగ్గరి ఎండలో ప్లాస్టిక్ డబ్బాల్లో ఎంతో దూరం నుంచి రావాలి, వచ్చేసరికి సగం పస చచ్చిపోతుంది. మిగిలింది బ్లీచింగ్ పౌడర్. స్టోర్‌లో అప్పుడే కొత్త సరుకు దిగింది. దానితో వచ్చే చిక్కల్లా అడుగున పేరుకునే సున్నం మడ్డి. డ్రమ్ములో నానబెట్టి, మడ్డిని కిందికి దిగనిచ్చి, పైన తేరిన నీళ్లు మాత్రమే పోస్తే సరి.

సాయంత్రం పొద్దు వాలాక పోసేవాళ్లం, ఎండలో పోస్తే ఎండే తాగేస్తుంది కాబట్టి. ఈసారి క్లోరిన్ పనిచేసింది. పచ్చదనం చచ్చి నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. గెలిచామనుకున్నాం. తీరా చూస్తే ఆ బూడిద రంగు కదలదు. చచ్చిన నాచు దుమ్ములా నీళ్లలో తేలుతూ ఉంది. పూల్ ఇసుక ఫిల్టరు కాసేపు తిరగ్గానే మూసుకుపోతుంది, కడిగి మళ్లీ తిప్పితే మళ్లీ అదే. ల్యాబ్‌లో గాజు గ్లాసుల్లో పటిక కలిపి చూశాను. దూదిపింజలు కట్టాయి గాని అవి కిందికి దిగవు, పైకి పోవు.

రోజులు గడుస్తున్నాయి. ఆకాశంలో అక్కడక్కడా మబ్బులు కనిపిస్తున్నాయి. ఊళ్లో అందరూ వానకోసం ఎదురుచూస్తుంటే నేను, కాక, చిన్న సారు ముగ్గురం మాత్రం అప్పుడే రావద్దని మొక్కుకున్నాం. ఆ పిల్ల ఉదయం వచ్చి, నీళ్లు చూసి, మమ్మల్ని ఏమీ అడగకుండా గట్టు పట్టుకుని నేల మీదే నాలుగడుగులు వేసి, పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుని వెళ్లేది. అడిగినా బాగుండేది. అడగకపోవడమే కాకను తినేసింది.

ఒక ఉదయం నేను వెళ్లేసరికి పూల్ నిండా చల్ల. అబద్ధం కాదు, చిలికిన మజ్జిగ పోసినట్టు తెల్లగా ఉంది. కాక ఒళ్లంతా తెల్లపొడి, గట్టు మీద ఖాళీ బస్తాలు, ముఖంలో కొత్త పెళ్లికొడుకు కళ.

"ఇగ ఫికర్ లేదు చెల్లె! సున్నం ఏసిన. చేదబాయిల నీళ్లు చెడిపోతే మా నాయన గదే ఏస్తుండె."

మా ఊళ్లలో చేదబావిలో సున్నం వేసే అలవాటు ఉన్న మాట నిజమే. బస్తా తిప్పి చూశాను. సున్నం కాదు, స్టోన్ డస్టు. బొగ్గు దుమ్ము లేచి నిప్పంటుకుంటే బాయి మొత్తం పేలుతుంది. అది పేలకుండా బాయిలోని దారుల మీద, పక్కల మీద సున్నపురాయిని మెత్తగా కొట్టిన పొడి చల్లుతారు. నడుము దెబ్బతినక ముందు కాక పని అదే. చినిగిపోయిన బస్తాలు పక్కన పడేసి ఉంటే స్టోర్‌లో దోస్తును అడిగి ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చాడు. కాల్చి, నీళ్లు చల్లితేనే సున్నపురాయి సున్నం అవుతుంది. కాల్చని రాయి పొడి ఉత్త రాయే. నాచు మీద దానికి ఏ పగా లేదు.

"అన్నా! గోరుచుట్టు మీద రోకటిపోటు పెట్టినవ్ గదనే!" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. ఆయన ముఖంలో కళ ఒక్కొక్క మాటకూ ఆరిపోయింది. గట్టు మీద కూలబడ్డాడు.

"గా పొడి సల్లినన్నేండ్లు మా బాయిల ఒక్క మంట లేవలే చెల్లె," అన్నాడు నెమ్మదిగా. "దాన్ని నమ్మిన. దీని నాయిన నా పక్కనే పనిచేసెటోడు. పిల్ల దినాం వచ్చి గట్ల వాపసు పోతాంటే సూడలేకపోయిన."

అరిచిన నోరే సిగ్గుపడింది. అప్పుడే కర్ర చప్పుడు వినిపించింది. ఆ పిల్ల వచ్చి నీళ్లు చూసింది, తెల్లటి కాకను చూసింది. ఏడుస్తుందనుకున్నాను. పక్కన కూర్చుని చున్నీ కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

"ఏం గాదు కాకా. ట్రైనింగు మల్ల ఏడాది కూడా ఉంటది," అంది.

ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? ఆ మాట అన్నది తన కోసం కాదు, కాక కోసం.

చిన్న సారు వచ్చాడు. ఆయన అరవలేదు. బస్తా మీద రాత చదివాడు, చేత్తో పొడి నలిపి చూశాడు. "అమ్మా, ఒక బకెట్ నీళ్లు ల్యాబ్‌కు తీసుకపోదాం. ఉన్నది ఉన్నట్టు పటికతో చూద్దాం," అన్నాడు. నాకు ఆశ లేదు. అయినా గ్లాసుల్లో పోసి, పటిక నీళ్లు కలిపి తిప్పాను. దూదిపింజలు కట్టాయి. ఈసారి వాటి కడుపులో రాతిపొడి చిక్కుకుంది. చూస్తుండగానే ఒక్కొక్కటీ బరువెక్కి కిందికి దిగడం మొదలుపెట్టాయి. కాసేపటికి గ్లాసు అడుగున తెల్లటి పొర, పైన కన్నీరంత తేట నీళ్లు.

"సార్!" అని నేను అరిచిన అరుపుకు పక్క గదిలో క్లర్కులు లేచి వచ్చారు.

చచ్చిన నాచుకు బరువు లేక కిందికి దిగలేదు. ఆ బరువు కాక ఇచ్చాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు, మాకూ తోచలేదు. దేవుడు ఒక్కోసారి దారి తప్పిన వాడిని కూడా ఇంటికి చేరుస్తాడు. అలాగని మీరు కనిపించిన తెల్లపొడినల్లా పూల్‌లో పోయకండి. మాకు కలిసొచ్చింది, అంతే. ముందు గ్లాసులో చూశాక పూల్ ముట్టాలన్న బుద్ధి మాత్రం ఆ రోజు చిన్న సారు దగ్గర నేర్చుకోదగ్గది.

ఆ సాయంత్రం పటిక కలిపి, పంపు ఆపి, ఎవరూ నీళ్లు కదపకుండా గేటుకు తాళం వేశాం. మర్నాడు ఉదయం నేను, కాక, సారు ఒకేసారి గేటు దగ్గరికి వచ్చాం, ఎవరూ ఎవరినీ రమ్మనలేదు. తాళం తీయబోయి ఆగి, కాక తాళంచెవి నాకిచ్చాడు. లోపలికి వెళ్లి చూశాం. నీళ్లు ఉన్నాయా లేవా అన్నంత తేటగా ఉన్నాయి. లోతు వైపు గోడకున్న పలకలను అడుగుదాకా లెక్కపెట్టొచ్చు. కింద తెల్లటి దుప్పటి పరిచినట్టు మడ్డి. కాక పొడుగు గొట్టం పట్టుకుని, ఆ దుప్పటి చెదరకుండా, అడుగులో అడుగు వేస్తూ రోజంతా లాగి బయటికి పోశాడు. నడుము నొప్పని ఒక్కసారి కూడా అనలేదు. తర్వాత మిగిలిన నాచు రుద్ది, ఫిల్టరు తిప్పి, మళ్లీ బ్లీచింగ్ తేట పోసి, క్లోరిన్ ఒంటికి పడే స్థాయికి దిగేదాకా ఆగాం. నా సీసాలో లేత పసుపు వచ్చింది. నా ఉద్యోగంలో చూసిన పసుపులన్నిటిలో అదే అందమైనది.

ఆడవాళ్ల సమయంలో మగవాళ్లు లోపల ఉండకూడదు, కాకకైనా అదే రూలు. ఆయన ప్రహరీ బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల కడ్డీ పట్టుకుని మెట్లు దిగింది. ఛాతీ దాకా నీళ్లు వచ్చాక కర్రను నా చేతికిచ్చింది.

"దిగిందా చెల్లె?" గోడ అవతలి నుంచి కేక.

"దిగింది!"

"నడుస్తున్నదా?"

"నడుస్తున్నదన్నా!"

"కుంటుతున్నదా?"

"నీళ్లల్ల ఎవలు కుంటుతరన్నా!" అని నేను అరిస్తే ఆ పిల్ల నవ్వుతూ నీళ్లు మింగింది.

అప్పటి నుంచి ఒక్క ఉదయం కూడా మానలేదు. వానలు ఆ ఏడు కొంచెం ఆలస్యంగా వచ్చాయి, మేం మొక్కిన మొక్కు ఊరికి నష్టమే చేసిందేమో, క్షమించాలి. ఫిట్‌నెస్ రోజు దవాఖానలో మెట్లు ఎక్కి దిగమన్నారట, గొంతు కూర్చుని లేవమన్నారట, ఒంటికాలి మీద నిలబడమన్నారట. అన్నీ చేసింది. డాక్టరు కాగితం మీద సంతకం పెడుతూ "ఎక్కడ నడిచావమ్మా ఇంత బాగా?" అని అడిగితే, "నీళ్లల్ల సార్" అందట.

ఇదీ మీ ప్రశ్నకు జవాబు పిల్లలూ. ఏ క్లోరిన్ మంచిదని నన్ను అడగకండి. నీళ్లలో ఇదివరకు ఏం పోశారు, ఎండ ఎంత, సరుకు ఎంత పాతది, పక్కన ఇళ్లున్నాయా, మీ చేతికి ఏది అలవాటు అని ముందు మిమ్మల్ని మీరు అడగండి. అన్నిటికంటే ముందు, ఆ నీళ్లలో ఎవరు దిగుతారో కనుక్కోండి. ఆ మనిషి ముఖం తెలిస్తే మిగతావి వాటంతటవే తెలుస్తాయి.

ఫిట్‌నెస్ అయిన మర్నాడు పూల్‌లో నీళ్లు పట్టడానికి వెళ్లాను. ఆడవాళ్ల సమయం. ఆ పిల్ల గేటు తోసుకుని వచ్చింది. చేతిలో కర్ర లేదు.

"పాసైనవ్ గద బిడ్డా, మల్లెందుకొచ్చినవ్?" అన్నాను.

"ఇన్నొద్దులు నడువనీకె వచ్చిన అత్తా. ఇయ్యాల ఈత కొట్టనీకె వచ్చిన. లోతు దిక్కు చూస్తే నాకు మస్తు భయం. నువ్వు గూడ దిగు."

నేనా? సర్వీసంతా నీళ్లను సీసాల్లో పట్టి చూసినదాన్నే తప్ప మోకాలి లోతు కూడా దిగి ఎరగను. వద్దు వద్దంటూనే చెప్పులు విప్పాను. చీర కుచ్చిళ్లు దోపుకుని మెట్టు మెట్టే దిగాను. నీళ్లు నడుము దాటి ఛాతీకి వచ్చాయి. చల్లగా, హాయిగా, అమ్మ ఒళ్లో ఉన్నట్టు ఉంది. ఇంత సుఖాన్ని ఇన్నాళ్లూ కొలిచి మాత్రమే వదిలేశానా అనిపించింది. బయట స్టూలు మీది నుంచి కాక గోడ మీదుగా పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. "కడుపునిండ గాలి పట్టు బిడ్డా! మెడ ఇడిసిపెట్టు! ఆకాశం దిక్కు సూడు!"

ఆ పిల్ల వెల్లకిలా పడుకుంది. నేను నడుము కింద అరచెయ్యి ఆనించి పట్టుకున్నాను. మొదట ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయింది. మెల్లగా వదులైంది. ఆ తర్వాత నా చేతికి బరువే తగల్లేదు. ఎప్పుడు తీశానో నాకే తెలియకుండా చెయ్యి తీసేశాను. నీళ్ల మీద ఆ పిల్ల, పక్కన నిలబడి చూస్తూ నేను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"తేలిందా చెల్లె?" అని కాక అరిచాడు. నేను తీసేసిన నా చేతినే చూసుకుంటున్నాను. "చెల్లే! తేలిందా?"

ఆకాశం మీది నుంచి చూపు తిప్పకుండా ఆ పిల్లే జవాబు చెప్పింది.

"తేలిన కాకా! అత్త ఎప్పుడో చెయ్యి తీసేసింది, నాకెరుకే!"